ఒక చేత్తో చదవగలిగే ఉత్తరం: ఒంగోలు నుంచి పది నెలల డైరీ

మేం 14 మందిమి. అందరం ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాం. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళకి ఉత్తరాలు రాస్తున్నాం. జూలైలో మొదలైంది, ఇప్పుడు ఏప్రిల్ చివర. ఎందుకు మొదలుపెట్టామన్నది వదిలేస్తున్నాను. ఏం చెడింది, ఏం మార్చాం, ఎంత ఖర్చయింది అన్నవే రాస్తాను. వేరే ఊళ్ళో ఎవరైనా ఇదే పని పెట్టుకుంటే, మేం పోగొట్టుకున్న మూడు నెలలు వాళ్ళకి మిగలాలి. ఆసుపత్రి పేరు, మనుషుల పేర్లు ఎక్కడా ఉండవు. అది మేం వాళ్ళకి ఇచ్చిన మాట.

డయాలసిస్ దగ్గర్నుంచి చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కిడ్నీలు పనిచేయనివాళ్ళ రక్తాన్ని మిషన్ శుభ్రం చేస్తుంది. చేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం మిషన్‌లోకి వెళ్తుంది, రెండోదాంట్లోంచి తిరిగి వస్తుంది. ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు పడుతుంది. కొందరికి వారానికి రెండుసార్లు, చాలామందికి మూడుసార్లు. సోమ, బుధ, శుక్రవారాలు ఒక జట్టు, మంగళ, గురు, శనివారాలు ఇంకో జట్టు. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చేవాళ్ళు తెల్లారకముందే బస్సెక్కుతారు. ఇది జ్వరంలా పది రోజుల్లో తగ్గేది కాదు. మా తొలి తప్పుల్లో సగం ఈ ఒక్క సంగతి బుర్రకెక్కక చేసినవే.

దశ 1: పోస్టులో పంపాం (జూలై)

చేసిన పని ఇది:

1. ఆసుపత్రిలో డయాలసిస్ యూనిట్ బయట బెంచీల దగ్గర ఒక కాగితం తిప్పాం. ఉత్తరం కావాలనుకున్నవాళ్ళు పేరు, చిరునామా రాయాలి. 22 మంది రాశారు.
2. పోస్టాఫీసులో 22 ఇన్‌ల్యాండ్ లెటర్లు కొన్నాం. ఒక్కోటి రూ. 2.50.
3. ఒక్కొక్కరం ఒకటో రెండో రాసి డబ్బాలో వేశాం.

మూడు వారాలు ఆగాం. 13 చేరాయని తెలిసింది. 4 తిరిగొచ్చాయి. 5 ఏమయ్యాయో తెలియలేదు. తిరిగొచ్చిన నాలుగింటిలో మూడింటికి పిన్‌కోడ్ తప్పు. ఊరి పేరు, మండలం పేరు రాసిచ్చారు కానీ పిన్ రాయలేదు. మేం మండల కేంద్రం పిన్ వేసేశాం. పక్కపక్క ఊళ్ళకి కూడా పోస్టాఫీసు మారితే పిన్ మారుతుందని అప్పుడు తెలిసింది.

జవాబులు సున్నా. అది పెద్ద విషయం కాదు. అసలు దెబ్బలు రెండు తగిలాయి.

మొదటిది. పొదిలి దగ్గర ఊరాయన ఒకరు మమ్మల్ని బెంచీ దగ్గర పట్టుకుని, "పింఛను సంగతి ఏమైందమ్మా?" అని అడిగారు. మేం తిప్పిన కాగితం పింఛను కోసమని అనుకుని సంతకం పెట్టారు. ఆసుపత్రిలో కాగితం పట్టుకుని ఎవరొచ్చినా అది పింఛనుకో, కార్డుకో అయ్యుంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆ రోజు ఆయనకి నిజం చెప్పడం నాకు చాలా కష్టమైంది. "ఉత్తరమా? సరేలే తల్లీ" అన్నారు. ఆ 'సరేలే' ఇంకా చెవిలో ఉంది.

రెండోది ఇంకా పెద్దది. ఒకావిడ తన జబ్బు సంగతి ఊళ్ళో చెప్పలేదు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. వారానికి మూడుసార్లు ఒంగోలు వెళ్ళడం ఏదో పని మీద అనే అందరికీ చెప్పుకున్నారు. మా ఉత్తరం వెళ్ళేసరికి ఆవిడ ఇంట్లో లేరు. పక్కింటివాళ్ళు తీసుకుని విప్పి చదివారు. అందులో మొదటి వాక్యమే 'డయాలసిస్ చేయించుకుంటున్న మీకు' అని ఉంది. ఆవిడ వచ్చి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "ఇంకెప్పుడూ ఇంటికి పంపొద్దు" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. మేం చేసిన మేలేమిటో గానీ చేసిన కీడు మాత్రం అది.

అదే రోజు పోస్టులో పంపడం ఆపేశాం. ఇంటి చిరునామాలున్న కాగితాన్ని చించి కాల్చేశాం.

ఇప్పటిదాకా: రాసినవి 22, చేరినవి 13, జవాబులు 0, ఖర్చు రూ. 55.

దశ 2: యూనిట్‌లో పెట్టె (ఆగస్టు, సెప్టెంబరు)

ఈసారి ముందు ఆసుపత్రి పెద్ద డాక్టరు గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. జూలైలోనే చేయాల్సిన పని ఇది. ఫోన్లు, ఫోటోలు ఉండవని, లోపలికి ఒక్కరే వస్తారని, సిస్టర్ చెప్పిన టైములోనే వస్తారని మేమే అందులో రాసిచ్చాం.

కాగితం తిప్పడం మానేసి ఒక్కొక్కరి పక్కన కూర్చుని నోటితో చెప్పాం. "ఇది ప్రభుత్వ పని కాదు. డబ్బులు రావు, మందులు రావు. కాలేజీ పిల్లలం, ఉత్తరం రాస్తాం, అంతే. వద్దన్నా ఏం పర్వాలేదు." ఈ నాలుగు ముక్కలూ ఇదే వరసలో చెప్పాలి. మొదటి వాక్యం ఆఖరికి పోతే, మధ్యలోనే ఆధార్ కార్డు తీసి చేతిలో పెడతారు.

పేరు బదులు నంబరు పెట్టుకున్నాం. 1 నుంచి 18. ఏ నంబరు ఎవరిదో సిస్టర్ దగ్గరున్న నోటుబుక్కులో తప్ప ఎక్కడా లేదు. మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొన్నాం, రూ. 140. నర్సుల బల్ల మీద పెట్టాం. కవర్లు 18, రూపాయి చొప్పున.

మొదటి విడతలో 18 ఉత్తరాలు వేశాం. సిస్టర్ 7 పక్కన పెట్టేశారు. నన్ను పిలిచి ఒక్కోటీ తీసి చూపించారు. ఆ ఏడూ ఇవి:

1. మూడింటిలో తిండి సలహాలు. 'నీళ్ళు బాగా తాగండి, కొబ్బరి నీళ్ళు తాగండి, పళ్ళు ఎక్కువ తినండి.'
2. రెండింటిలో 'మీరు త్వరగా కోలుకుని ఈ ఆసుపత్రికి ఇక రాకూడదని కోరుకుంటున్నాను.'
3. ఒకదాంట్లో ఫలానా ఊళ్ళో పసరు మందు ఇస్తారని.
4. ఒకదాంట్లో ఫలానా మొక్కు మొక్కుకుంటే నయమైపోతుందని.

మొదటి రకం గురించి సిస్టర్ చెప్పిన మాటలు ఇవి: "ఒంట్లోకి వెళ్ళిన నీరు వీళ్ళకి బయటికి పోదమ్మా. అందుకే మిషన్ ఎక్కే ముందు, దిగాక బరువు చూస్తాం. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని లెక్క ఉంటుంది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఉంటుంది, అది పెరిగితే గుండెకే ప్రమాదం. నువ్వు రాసింది ఎవరికైనా మంచి మాటే, వీళ్ళకి మాత్రం కాదు."

ఆ ఉత్తరాల్లో ఒకటి నేను సరిచూసి బాగుందని సంతకం పెట్టినదే. అందులో అక్షరదోషాలు వెతికాను తప్ప అర్థం చూడలేదు. నోరెండుతున్న మనిషికి నీళ్ళు తాగమని రాసిన కాగితం అది.

రెండో రకంలో రాసినవాళ్ళ మనసు మంచిదే. కానీ చదివే మనిషికి తెలుసు, మళ్ళీ ఎల్లుండి రావాలని. 'ఇక రాకూడదు' అంటే ఆయనకి వేరే అర్థం వస్తుంది. 'ధైర్యంగా ఉండండి' కూడా అంతే. ధైర్యంగా లేకపోతే వాళ్ళు తెల్లవారుజామున బస్సెక్కి ఇక్కడిదాకా వస్తారా?

కాబట్టి గోడకి ఒక కాగితం అంటించాం. 'రాయకూడనివి' అని పైన రాసి:

1. తిండి, నీళ్ళు, మందులు, వైద్యం.
2. తగ్గుతుంది, కోలుకుంటారు, నయమవుతుంది.
3. ధైర్యం అన్న పదం.
4. దేవుడు, మొక్కులు, పూజలు, ప్రార్థనలు. వాళ్ళు ముందు రాస్తే సరే.
5. 'మీ బాధ నాకు అర్థమవుతుంది.'

వేసవి వచ్చాక మొదటి దాని కింద ఇంకో ముక్క చేర్చాం: తాటి ముంజలు, మజ్జిగ, ఐస్ గురించి కబుర్లు కూడా వద్దు. మనం ఊరికే చెప్పుకునే మాటే, అవతల గుక్కలు లెక్కపెట్టుకుని తాగే మనిషికి నోరూరిస్తుంది.

సెప్టెంబరులో ఇంకొక ఇబ్బంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో (కాలేజీల్లో నడిచే జాతీయ సేవా పథకం) ఏడాదికి 120 గంటల సేవ చూపించాలి. ఉత్తరాలు రాస్తే గంటలు వేస్తారని 9 మంది కొత్తగా చేరారు. ఆ 18లోనే ఒక్కో ఉత్తరం రాసి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పుపట్టను, రూలు మేం పెట్టలేదు. అప్పటినుంచి వరసగా మూడో ఉత్తరం రాశాకే గంటలు వేయిస్తున్నాం. ఒక్క ఉత్తరం వచ్చి ఆగిపోవడం కంటే అసలు రాకపోవడమే నయం.

ఇప్పటిదాకా: రాసినవి 40, చేరినవి 24, జవాబులు 2 (రెండూ నోటి మాటగా), ఖర్చు రూ. 213.

దశ 3: కాగితం మార్చాం (అక్టోబరు)

జవాబులు ఎందుకు రావడం లేదో నాకు తెలియలేదు. ఒకరోజు 20 నిమిషాలు తలుపు పక్కన నిలబడి చూస్తానని సిస్టర్ గారిని అడిగాను. ఒప్పుకున్నారు.

కిటికీ పక్క మంచం మీద ఒకాయన ఉన్నారు. ఎడమ చేయి దిండు మీద చాపి ఉంది. మోచేతి దగ్గర ప్లాస్టర్ల కింద రెండు గొట్టాలు. ఆ చేయి కదపకూడదు. ఆయన కవరు కుడి చేత్తో తీసుకుని అంచు పళ్ళతో చింపారు. లోపల కాగితం మూడు మడతలు. ఛాతీ మీద పెట్టుకుని బొటనవేలితో ఒక మడత తెరిచారు. రెండోది తెరిచేసరికి మొదటిది మూసుకుపోయింది. గడ్డంతో నొక్కిపెట్టి మళ్ళీ ప్రయత్నించారు. పైన ఫ్యాను. కాగితం ఎగిరి మంచం కిందకి పోయింది. చుట్టూ చూశారు. సిస్టర్ అవతలి మంచం దగ్గర బీపీ చూస్తున్నారు. ఆయన ఎవర్నీ పిలవలేదు, కళ్ళు మూసుకుని పడుకున్నారు.

రెండు నెలలు మేం మాటల గురించి కొట్టుకున్నాం. కాగితం తెరవడానికి రెండు చేతులు కావాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

కవరు తీసేశాం, మడత తీసేశాం. ఇప్పుడు వాడుతున్నది ఇది:

1. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఐవరీ కార్డు, ఏ4 షీటు, రూ. 7. ప్రింటింగ్ షాపులో సగానికి కోయించాం. ఒక్కో కార్డు 148 × 210 మిల్లీమీటర్లు. ఒక చేత్తో కింద అంచు పట్టుకుంటే వంగకుండా నిలబడుతుంది. మామూలు కాగితం వాలిపోయింది. 200 జీఎస్ఎం కూడా ఫ్యాను కింద ఊగింది.
2. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు, ఒక పక్క తెరిచి ఉండేది, రూ. 2. యూనిట్‌లోకి వెళ్ళే వస్తువు తుడవడానికి వీలుగా ఉండాలని సిస్టర్ అడిగారు. మెరుపులు, గమ్ముతో అంటించిన పూలు, స్టిక్కర్లు వద్దన్నారు.
3. ఒకే వైపు రాయాలి.

అక్షరాల సైజు కోసం పరీక్ష పెట్టాం. 50 ఏళ్ళు దాటినవాళ్ళు 9 మంది. హాస్టల్ వాచ్‌మన్, టిఫిన్ బండి ఆయన, మా నాయనమ్మ, ఇలా దొరికినవాళ్ళందరూ. కళ్ళజోడు లేకుండా, కార్డు కంటికి అడుగున్నర దూరంలో.

4 మిల్లీమీటర్ల అక్షరం: ఆగకుండా చదివినవాళ్ళు 3.
6 మిల్లీమీటర్లు: 7.
8 మిల్లీమీటర్లు: 8.

ఎనిమిదికి పెంచితే ఒక్కరే పెరిగారు, కార్డు మీద పట్టే మాటలు మాత్రం బాగా తగ్గిపోయాయి. ఆరు దగ్గర ఆగాం.

వరసల మధ్య దూరం ఇంకా ముఖ్యం. తెలుగులో అక్షరానికి కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. 'లక్ష్మి'లో మ ఒత్తు కిందికి దిగి, కింది వరసలో ఉన్న 'కీ' గుడిని తగులుతుంది. పెద్దవాళ్ళు సరిగ్గా అక్కడే ఆగిపోతున్నారు. వరసకీ వరసకీ 15 మిల్లీమీటర్లు పెట్టాక ఆ గుద్దుకోవడం పోయింది. పైనా కిందా అంచు వదిలితే 12 వరసలు వస్తాయి. వరసకి నాలుగు మాటలు. అంటే ఉత్తరం మొత్తం 48 మాటలు. ఈ లెక్క చూసి మొదట అందరం దిగులుపడ్డాం. తీరా రాశాక అర్థమైంది, 'రాయకూడనివి' తీసేస్తే మిగిలేది ఎలాగూ అంతే.

తొమ్మిదో మనిషి సంగతి. ఆవిడకి ఏ సైజూ పనికిరాలేదు. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా" అన్నారు. కళ్ళజోడు తెచ్చి ఇచ్చినా అదే మాట. కాసేపటికి అర్థమైంది. యూనిట్‌లో ఇదే మాట నలుగురు చెప్పారని సిస్టర్ అన్నారు. అప్పటినుంచి 'చదువు వచ్చా?' అని ఎవర్నీ అడగం. "మీరే చూసుకుంటారా, చదివి వినిపించమంటారా?" అని అడుగుతాం. చదువుకున్నవాళ్ళు కూడా ఒక్కోసారి వినిపించమంటారు. ఎవరికీ తల వంచుకోవాల్సిన పని ఉండదు.

పెన్ను: బాల్‌పెన్ గీత సన్నం. స్కెచ్ పెన్ను సిరా పాకిపోయింది. 1.0 మిల్లీమీటరు నల్ల జెల్ పెన్ను బాగుంది, రూ. 20. కానీ మన ఉక్కకి పది నిమిషాలు ఆరబెట్టాకే కవర్లో దూర్చాలి.

ఇంకో అడ్డంకి, చేతిరాత. 14 మందిలో 5గురు ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్ళు. పదో తరగతి తర్వాత తెలుగు చేత్తో రాయలేదు. ఫోన్లో టైపు చేయడం వచ్చు, ఒత్తు ఎక్కడ పెట్టాలో చేతికి గుర్తులేదు. మార్కాపురం అమ్మాయి ఇంటి నుంచి పాత పలకలు నాలుగు తెచ్చింది. ముందు పలక మీద రాయడం, పక్కవాళ్ళు చదవడం, చెరపడం, మళ్ళీ రాయడం. పలక మీద చిన్న అక్షరాలు రావు, చెయ్యి తనంతట తానే పెద్దగా రాస్తుంది. వారం తిరిగేసరికి ఐదుగురి రాతా కుదిరింది. డబ్బు ఖర్చు లేకుండా అయిన పని ఇదొక్కటే.

ఖర్చు: షీట్లు 20 (రూ. 140), కవర్లు 40 (రూ. 80), పెన్నులు 5 (రూ. 100), కోత (రూ. 20). వచ్చిన 40 కార్డుల్లో పరీక్షలకి 6 పోయాయి, 24 రాశాం, 10 మిగిలాయి.

ఇప్పటిదాకా: రాసినవి 64, చేరినవి 48, జవాబులు 4, ఖర్చు రూ. 553.

దశ 4: జవాబు వచ్చే ఉత్తరం (నవంబరు నుంచి జనవరి)

కార్డు చదువుతున్నారు, దిండు కింద పెట్టుకుంటున్నారు, ఇంటికి తీసుకెళ్తున్నారు. జవాబు మాత్రం రావడం లేదు. రావాలా అని మాలో మాకే వాదన. నా పట్టు ఏమిటంటే, రావాలి. వాళ్ళకి రోజంతా అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. సూది గుచ్చుతారు, బరువు చూస్తారు, బస్సెక్కిస్తారు, జాగ్రత్తలు చెప్తారు. వాళ్ళు ఇంకొకరికి చేసే పని ఏదీ మిగల్లేదు. మా ఉత్తరం కూడా ఆ చేసేవాళ్ళ వరసలోనే చేరితే ఏం లాభం?

మొదట పిలుపు దగ్గరే తడబడ్డాం. 'గౌరవనీయులైన' అని మొదలుపెడితే సెలవు చీటీలా ఉంది. నంబరు 11కి ఒకబ్బాయి 'అమ్మమ్మ గారూ' అని రాశాడు, ఆవిడకి 45 ఏళ్ళు. ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. అందుకని ముందే అడిగే ప్రశ్నలు మూడు పెట్టుకున్నాం:

1. మిమ్మల్ని ఏమని పిలవాలి?
2. మీది ఏ ఊరు?
3. మీరు ఏ పని చేసేవాళ్ళు?

అక్క, పెదనాన్న, బాబాయ్, పెద్దమ్మ, వాళ్ళు ఏది చెప్తే అదే. ఒకాయన 'మేస్త్రీ' అనమన్నారు. చీమకుర్తిలో గ్రానైటు పని చేయించినాయన.

ఒక పెద్దాయన మాకు ఉత్తరం రాయడమే నేర్పించారు. "ఉభయకుశలోపరి ఏదమ్మా? పైన కుడి పక్కన ఊరు, తేదీ ఏవి? కింద ఇట్లు లేకుండా ఎవరు రాశారనుకోవాలి?" అని అడిగారు. మాలో చాలామంది ఆ మాట వినడమే మొదటిసారి. ఇటు క్షేమం, అటు క్షేమం కోరుకుంటూ తర్వాత సంగతికి రావడం అని ఆయనే విడమరిచి చెప్పారు. ఆయనకి రాసేవన్నీ అలాగే రాస్తున్నాం. కార్డులో ఆ ఒక్క మాటకే వరసంతా పోతుంది. పోనీ.

ఇక ప్రశ్న. కార్డు ఆఖరి మూడు వరసల్లో ఒకే ప్రశ్న. మూడు రకాలు ప్రయత్నించాం.

'ఎలా ఉన్నారు?' దీనికి జవాబు రాలేదు.
'చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్తారా?' దీనికి రెండు మూడు వచ్చాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదని చాలామంది అన్నారు.
వాళ్ళ పని గురించి, నిజంగా మాకు తెలియని, మాకు అవసరమైన ప్రశ్న. దీనికి వచ్చాయి.

ఒక్కటి చెప్తాను. టంగుటూరు వైపు నుంచి వచ్చే మా జూనియర్‌కి ఇంటి దగ్గర పొగాకు బ్యారన్ ఉంది, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం. నంబరు 6 పెదనాన్న ముప్పై ఏళ్ళు బ్యారన్ల దగ్గర ఆకు కాల్చిన మనిషి. జనవరిలో మొదటి బ్యారన్ వేశాక వీడు రాశాడు: 'పెదనాన్నా, ఆకు రంగు బాగానే వచ్చింది. ఈనె ఆరిందో లేదో మా నాన్నకి అనుమానంగా ఉంది. ఎలా తెలుసుకోవాలి?' అంతే ఉత్తరం.

తర్వాతి షిఫ్టుకి జవాబు వచ్చింది. ఆయన చేతిరాతే, ఏడు వరసలు. 'కింది టైరు (అంతస్తు) ఆకు చూడొద్దు, మధ్య టైరులోది తీయి. ఈనె లావుగా ఉన్న చోట విరువు. టక్కున విరగాలి. వంగితే లోపల తడి ఉన్నట్టు. తొందరపడి మంట తీస్తే ఆ తడి ఆకులోకి పాకి రంగు చెడుతుంది. వేలంలో రేటు పోతుంది. మీ నాన్నకి చెప్పు.' తర్వాతి వారం ఆయన సిస్టర్‌ని రెండుసార్లు అడిగారట, "ఆ పిల్లాడి బ్యారన్ ఏమైంది?" అని. మిషన్ ఎక్కగానే మొదటి మాట అదేనట.

నంబరు 11 అక్క కుట్టుపని చేసేవారు. జాకెట్టు చంక దగ్గర ముడత ఎందుకొస్తుందని మాలో ఒకమ్మాయి అడిగితే కార్డు వెనక బొమ్మే వేసిచ్చారు.

జవాబు రాయడానికి కూడా ఒక చెయ్యే. కాగితం జారిపోతుంది. పరీక్షలకి వాడే అట్టలు మూడు కొన్నాం, క్లిప్పు ఉన్నవి, రూ. 45 చొప్పున. క్లిప్పు పైన, కింద రబ్బరు బ్యాండు. ఒడిలో పెట్టుకుని రాస్తే కదలదు. పెన్నుకి దారం కట్టి అట్టకే ముడేశాం, మంచం మీంచి కింద పడితే వంగి తీసుకోలేరు కాబట్టి. కార్డు ఇచ్చే టైము మొదటి గంట. మూడో గంట దాటితే కొందరికి బీపీ పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి. అప్పుడు అక్షరాలు చూడలేరు.

డిసెంబరు గురించి రాయకుండా ఉండలేను. నంబరు 3 తాతయ్యకి వేసిన కార్డు అలాగే డబ్బాలో ఉంది. ఆయన చనిపోయారని సిస్టర్ చెప్పారు. నేను ఏమీ ఆలోచించకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ఆయనకి రాసే అబ్బాయి మొదటి సంవత్సరం పిల్లాడు. చీమకుర్తి నుంచి కాలేజీకి వస్తూ బస్సులో నిలబడి అది చదివాడు. ఆ రోజు కాలేజీకి రాలేదు. నాలుగు ఉత్తరాల పరిచయం. మిగతావాళ్ళకి అది వార్త, వాడికి తాతయ్య. వాడికి అలా తెలియాల్సింది కాదు. అది పూర్తిగా నా తప్పు.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి:

1. సిస్టర్ ముందు నాకు గానీ ఇంకో సీనియర్‌కి గానీ చెప్తారు, ఇంకెవరికీ కాదు.
2. రాసే మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఫోన్లో కాదు, తరగతికి ముందు కాదు.
3. ఇవ్వని కార్డు రాసినవాళ్ళకే తిరిగిచ్చేయాలి.
4. కొత్త నంబరు నెల దాటాకే. వాళ్ళే అడిగితేనే.

ఆ తాతయ్య రాసిన జవాబు కార్డు ఒకటి అబ్బాయి దగ్గరుంది. కాగితాల పని మీద ఆయన కొడుకు ఆసుపత్రికి వస్తే సిస్టర్ ద్వారా అది ఇచ్చేశాడు. నాన్న చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదని కొడుకు అన్నాడట.

ఈ మూడు నెలల్లో కార్డులు 60. చేరినవి 58. ఒకటి తాతయ్యది, ఇంకొకటి వేరే ఊరి ఆసుపత్రికి మారిపోయినావిడది. జవాబులు 27. స్వయంగా రాసినవి 9, పక్కన ఉన్నవాళ్ళతో రాయించినవి 18. ఖర్చు: షీట్లు 25 (రూ. 175), కవర్లు 50 (రూ. 100), అట్టలు (రూ. 135), రబ్బరు బ్యాండ్లు, దారం (రూ. 15), కోత (రూ. 20).

ఇప్పటిదాకా: రాసినవి 124, చేరినవి 106, జవాబులు 31, ఖర్చు రూ. 998.

దశ 5: పరీక్షల నెలలు (ఫిబ్రవరి నుంచి ఏప్రిల్)

పరీక్షలు వచ్చేసరికి రాసేవాళ్ళు 14 నుంచి 6కి తగ్గారు. మొదటి రెండు వారాలు 8 మందికి కార్డు వెళ్ళలేదు. "నేనేమైనా తప్పు రాశానా?" అని పెద్దమ్మ ఒకరు సిస్టర్‌ని అడిగారట. ఆ మాట విన్నాక ఎవరికీ పుస్తకం ముందు కూర్చోబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఒక్కో నంబరుకి ఇద్దరు. ఒకరు రాస్తారు, రెండోవాళ్ళు పాత కార్డుల సంగతులు తెలుసుకుంటూ ఉంటారు. ఒకరికి పరీక్షలైతే ఇంకొకరు అందుకుంటారు. మారేటప్పుడు ముందు కార్డులోనే చెప్పాలి: 'వచ్చే వారం నుంచి నెలరోజులు మా స్నేహితురాలు రాస్తుంది, నాకు పరీక్షలు.' ఈ వాక్యం రాశాక జవాబుల్లో పరీక్షల గురించే ప్రశ్నలు. ఎన్ని పేపర్లు, ఏ రోజు, బాగా రాశావా. బ్యారన్ పెదనాన్న మా జూనియర్ టైం టేబుల్ అడిగి, అట్ట మీద క్లిప్పు కింద పెట్టించుకున్నారు.

కార్డులు 30, అన్నీ చేరాయి, జవాబులు 19. ఖర్చు: షీట్లు 15 (రూ. 105), కవర్లు 25 (రూ. 50), కోత (రూ. 20).

ఇప్పటిదాకా: రాసినవి 154, చేరినవి 136, జవాబులు 50, ఖర్చు రూ. 1,173. తలా రూ. 100 చొప్పున వేసుకున్న రూ. 1,400లో రూ. 227 చేతిలో ఉన్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి వారంలో చేయాల్సింది

1. రాతపూర్వక అనుమతి. అది చేతికొచ్చేదాకా పెన్ను తీయొద్దు.
2. 20 నిమిషాలు నిలబడి చూడండి. వాళ్ళ చేతులు ఎక్కడున్నాయి, వెలుతురు ఎటు నుంచి వస్తుంది, ఫ్యాను ఎక్కడుంది.
3. నలుగురితో మొదలుపెట్టండి, 22 మందితో కాదు.
4. నర్సు గారికి పని పెంచకండి. మా సిస్టర్ చదివి ఆపింది ఆ మొదటి విడత ఒక్కటే. ఇప్పుడు గోడ మీది కాగితం పట్టుకుని మేమే ఇద్దరం చూస్తాం.
5. ఎంతకాలం రాయగలరో అంతకాలమే మాట ఇవ్వండి.

మాకు ఇంకా తెగనిది ఒకటుంది. నంబరు 16 ఖాలాకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం ఉర్దూలోనే. అందరికీ కార్డులు వస్తుంటే తనకి మాత్రం వినిపించే కార్డే వస్తోందని, తన కళ్ళతో చదువుకునేది ఒక్కటి కావాలని అడిగారు. మా 14 మందిలో ఉర్దూ రాయడం ఎవరికీ రాదు. మా క్లాసమ్మాయి వాళ్ళ తాతయ్యకి వచ్చట. ఆయనకి చెయ్యి వణుకుతుంది, రాయలేరు, నేర్పిస్తానన్నారు. ఆదివారం ఇద్దరం పలకలు తీసుకుని వాళ్ళింటికి వెళ్తున్నాం.